ఎగుమతి భాగస్వాములను ఆంక్షల జాబితాలతో సరిచూడటం: ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా నా అనుభవం

2025 ఫిబ్రవరి 11న మా బ్యాంకు ఫారిన్ ఎక్స్ఛేంజ్ విభాగం నుంచి ఒక మెయిల్ వచ్చింది. మా కొనుగోలుదారు ఒకాయన పంపిన డాలర్లు న్యూయార్క్‌లోని కరెస్పాండెంట్ బ్యాంకు (మా బ్యాంకు తరఫున అక్కడ డాలర్ల చెల్లింపులు చూసే బ్యాంకు) దగ్గర ఆగిపోయాయట. కారణం ఒకే వాక్యంలో రాశారు: డబ్బు పంపినవారి పేరు ఆంక్షల జాబితాలో, అంటే లావాదేవీలు జరపకూడదని ప్రభుత్వాలు ప్రకటించిన మనుషులు, కంపెనీలు, ఓడల జాబితాలో ఉన్న ఒక పేరుతో కలుస్తోంది. ఇన్‌వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడ ఎక్కినట్టు ఇచ్చే పత్రం), సరుకు ఎక్కిన ఓడ ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు సంఖ్య), ఆ సరుకును చివరికి వాడుకునేది ఎవరు, డబ్బు పంపినాయన పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, ఇవన్నీ ఐదు పనిదినాల్లో పంపమన్నారు.

మాది యంత్రాల విడిభాగాలు ఎగుమతి చేసే ఓ మాదిరి కంపెనీ. బేరింగులు, వాల్వులు, పంపు భాగాలు అమ్ముతాం. నేను ఎగుమతి డాక్యుమెంట్లు చూస్తాను. ఆ రోజు మీటింగులో మొదట వచ్చిన మాట "మనం అమెరికా కంపెనీ కాదు కదా, వాళ్ల రూల్సు మనకెందుకు?" అని. కాదు, నిజమే. కానీ మేం బిల్లు వేసేది డాలర్లలో. డాలర్లలో జరిగే చెల్లింపు ఏ రెండు దేశాల మధ్య అయినా దాదాపు ఎప్పుడూ ఒక అమెరికా బ్యాంకు మీదుగానే వెళ్తుంది. ఆ బ్యాంకు అమెరికా ట్రెజరీ శాఖలో ఆంక్షలు చూసే విభాగమైన ఓఫాక్ చెప్పినట్టు నడుచుకోవాల్సిందే. అక్కడ డబ్బు ఆగితే ఇక్కడ మనం చేయగలిగింది ఏమీ ఉండదు, అడిగిన కాగితాలు పంపడం తప్ప.

కాగితాలు మూడు రోజుల్లోనే పంపాం. డబ్బు మాత్రం మార్చి మొదటి వారానికి గానీ వదల్లేదు. ఈలోగా ఆ కొనుగోలుదారు దాదాపు రోజూ ఫోను చేశాడు. ఆయన ఖాతాలో డబ్బు పోయింది, మా ఖాతాలోకి రాలేదు. ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు. "నేనేం తప్పు చేశాను?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చివరికి డబ్బు వచ్చినప్పుడు కూడా వివరణ ఏమీ రాలేదు, క్రెడిట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, అంతే.

ఆ తర్వాతే అసలు పని మొదలైంది. మా క్రెడిట్ లిమిట్ రెన్యువల్ ముందుంది. వ్యాపార భాగస్వాములను ఆంక్షల జాబితాలతో ఎలా సరిచూస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వమని బ్యాంకు అడిగింది. మా దగ్గర అలాంటి పద్ధతేదీ లేదు. ఆ బాధ్యత నా మీద పెట్టారు.

మార్చి నెల మొత్తం పేర్లు పోగేయడానికే సరిపోయింది. దీనికి ఇంత సమయం పడుతుందని మీకెవరూ చెప్పరు. స్క్రీనింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు "మీ లిస్టు అప్‌లోడ్ చేయండి, నిమిషాల్లో ఫలితం" అంటారు. ఆ లిస్టు ఎక్కడుంది? మా అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒకే డిస్ట్రిబ్యూటర్ మూడు స్పెల్లింగులతో మూడు ఖాతాలుగా ఉన్నాడు. ఒక పేరు పక్కన దేశం లేదు. ఇంకొక ఖాతా పేరు "పాత ఏజెంటు పార్టీ" అని ఉంది, అంతే. సరిచూడాల్సింది కొనేవాళ్లను మాత్రమే అయితే ఏదోలా అయ్యేది. కన్‌సైనీ (సరుకు అందుకునేవారు), నోటిఫై పార్టీ (సరుకు చేరినట్టు కబురు అందాల్సినవారు), ఫార్వర్డర్ (రవాణా ఏర్పాట్లు చేసేవారు), క్లియరింగ్ ఏజెంటు, ఓడ, ఎదుటివాళ్ల బ్యాంకు, కమీషన్ ఏజెంటు, మనకు ముడి సరుకు అమ్మేవాళ్లు, ఇందరూ జాబితాలోకి వస్తారు. కొనుగోలుదారు బదులు ఇంకెవరో డబ్బు కట్టిన సందర్భాలు మా పుస్తకాల్లో చాలానే కనిపించాయి. వాళ్ల పేర్లు డబ్బు జమైనప్పుడు బ్యాంకు పంపే అడ్వైసుల్లో తప్ప ఎక్కడా లేవు. పాత ఫైళ్లు తీసి ఒక్కొక్కటే ఎక్కించాం.

ఇదే నెలలో ఇంకో మార్పు వచ్చింది. ఓఫాక్ ఆంక్షలకు సంబంధించిన రికార్డులు దాచాల్సిన కాలం మార్చి 12 నుంచి ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెరిగింది. మా లాయర్ గారు మొదటి రోజే ఈ సంగతి చెప్పి, "ఎవరినైనా వదిలేస్తే ఎందుకు వదిలేశారో పదేళ్ల తర్వాత చదివినవాడికి కూడా అర్థమయ్యేలా రాయండి" అన్నారు. ఈ ఒక్క సలహా తర్వాత చాలాసార్లు అక్కరకొచ్చింది.

ఏప్రిల్‌లో సాఫ్ట్‌వేర్ వెతుకులాట. నిజానికి జాబితాలన్నీ ఉచితమే. ఓఫాక్, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, యూరోపియన్ యూనియన్ (ఈయూ), బ్రిటన్, నలుగురివీ ఎవరైనా చూసుకోవచ్చు. ఓఫాక్ వెబ్‌సైటులో పేరు ఎంత దగ్గరగా కలిస్తే చూపించాలో మనమే జరుపుకునే స్కోరు కూడా ఉంటుంది. నాలుగైదు పేర్లయితే అది చాలు. వందల పేర్లు, నాలుగు జాబితాలు, పైగా ఎప్పటికప్పుడు మళ్లీ చూడాలంటే చేత్తో అయ్యే పని కాదు. డబ్బు కట్టి తీసుకున్నాం. ధర పేర్ల సంఖ్యను బట్టి, లాగిన్‌ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఏడాది కంటే తక్కువ కాలానికైతే ఇవ్వలేమన్నారు. కొటేషన్‌లో చిన్న అక్షరాల్లో ఉన్న విషయం ఒకటుంది: కంపెనీల వెనక యజమానులు ఎవరో చూపించే సమాచారం విడిగా కొనుక్కోవాలి. అది దాదాపు అసలు ధరంత ఉంది. మేనేజ్‌మెంట్ వద్దంది. నేను పట్టుబట్టాను. ఎందుకు పట్టుబట్టానో జూన్‌లో అందరికీ తెలిసొచ్చింది, ఆ సంగతికి వస్తాను.

సెట్టింగుల దగ్గర ఇంకో వాదన. పేరు అక్షరం అక్షరం కలిస్తేనే చూపించేలా పెడితే హిట్లు, అంటే జాబితాతో కలిసినట్టు చూపించే పేర్లు, తక్కువ వస్తాయి, పని తేలికవుతుందని ఐటీ వాళ్ల వాదన. నేను రెండు ఉదాహరణలు ప్రింటు తీసి పెట్టాను. 2019లో యాపిల్ కంపెనీ ఓఫాక్‌కు 4,66,912 డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. ఆంక్షల జాబితాలో ఉన్న ఒక స్లొవేనియా కంపెనీ పేరు చివర "డి.ఓ.ఓ." అని చిన్న అక్షరాల్లో, చుక్కలతో ఉంది. యాపిల్ సిస్టమ్‌లో అదే పేరు పెద్ద అక్షరాల్లో, చుక్కలు లేకుండా ఉంది. సాఫ్ట్‌వేర్ రెండిటినీ కలపలేకపోయింది. 2020లో అమెజాన్ సెటిల్మెంట్‌లో క్రిమియా అన్న పేరు ఇంగ్లిష్‌లో "సి" బదులు "కె"తో రాసిన అడ్రసులు జల్లెడలోంచి జారిపోయాయి. అంత పెద్ద కంపెనీల దగ్గరే ఇలా జరిగితే మన సంగతేమిటి? లక్ష్మి అన్న పేరును ఇంగ్లిష్‌లో మనమే ఎన్ని రకాలుగా రాస్తామో చూడండి. అరబ్బీ, రష్యన్ పేర్లదీ అదే తంతు. చివరికి పేరు 85 శాతం కలిసినా చూపించేలా పెట్టాం.

ఏప్రిల్ 22న లిస్టు మొత్తం ఎక్కించి బటన్ నొక్కాం. ఎర్ర గీతలు పేజీల కొద్దీ వచ్చాయి. నాకు నిజంగా కాళ్లు చల్లబడ్డాయి. ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లుగా ఎవరెవరికి సరుకు పంపామో, ఏ సంతకాలు పెట్టానో అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

మర్నాడు ఒక్కొక్కటి తెరిచి చూస్తే సగానికి పైగా తేలికగానే పోయాయి. మా ఫార్వర్డర్ కంపెనీ పేరు ఒక ఓడ పేరుతో కలిసింది. ఒక వాల్వుల దుకాణం పేరులోని ఒక ముక్క ఎవరో మనిషి ఇంటిపేరుతో కలిసింది. పద్ధతి ఇలా కుదిరింది: ముందు రెండూ ఒకే రకమా, అంటే మనిషికి మనిషి, కంపెనీకి కంపెనీ, ఓడకు ఓడ కలిసిందా అని చూడాలి. తర్వాత పేరులో ఎంత భాగం కలిసింది. ఆ తర్వాత పుట్టిన తేదీ, జాతీయత, పాస్‌పోర్ట్ నంబరు, అడ్రసు. ఓఫాక్ జాబితాలో కొన్ని మారుపేర్లను బలహీనమైనవిగా విడిగా గుర్తిస్తారు, అవి ఒక్కటే కలిస్తే పెద్దగా కంగారు పడక్కర్లేదు. ఓడల విషయంలో పేరును అసలు నమ్మకూడదు. పేరు, జెండా ఎప్పుడైనా మారుస్తారు. ఏడంకెల ఐఎంఓ నంబరు ఓడ ఉన్నంతకాలం మారదు.

కష్టమంతా మనుషుల పేర్ల దగ్గర వచ్చింది. మా పాత కొనుగోలుదారు ఒకాయన, సొంత పేరు మీదే వ్యాపారం చేసేవాడు, జాబితాలోని ఒక పేరుతో మూడు ముక్కలూ కలిశాయి. మా దగ్గర ఆయన పుట్టిన తేదీ లేదు. పాస్‌పోర్ట్ కాపీ అడగాలి. మా సేల్స్ హెడ్ ఒప్పుకోలేదు. "పదేళ్ల కస్టమరండీ. మాటంటే మాటే మనిషి. ఇప్పుడు నువ్వు దొంగవా కాదా అని అడుగుతామా?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది. నేనే ఫోను చేస్తానన్నాను. ఏమీ దాచకుండా చెప్పాను: మీ పేరున్న ఇంకొకరు జాబితాలో ఉన్నారు, ఆయన మీరు కాదని కాగితం మీద చూపించగలిగితే రేపు మీ డబ్బు బ్యాంకులో ఆగదు. అవతల కాసేపు మౌనం. తర్వాత ఆయన చెప్పిన మాట నేను మర్చిపోలేను. ఎయిర్‌పోర్టుల్లో ప్రతిసారీ తనను పక్కకు పిలుస్తారట, ఆ పేరు పెట్టింది వాళ్ల తాతగారట. సాయంత్రానికి పాస్‌పోర్ట్ స్కాన్ పంపాడు. స్క్రీన్ మీద ఒక పక్క జాబితాలోని వివరాలు, ఇంకో పక్క ఆయన పాస్‌పోర్ట్ పెట్టుకుని చూశాను. జాబితాలోని మనిషి పుట్టింది 1961లో, ఈయన 1987లో. పుట్టిన దేశాలు కూడా వేరు. రెండు నిమిషాల్లో తేలిపోయింది. స్క్రీన్‌షాట్ తీసి, తేడాలు వరసగా రాసి, తేదీ వేసి, రెండో వ్యక్తి చేత సంతకం పెట్టించి ఫైల్లో ఉంచాం. "వేరే మనిషి" అని ఒక్క ముక్క రాసి మూసేసిన ఎంట్రీలను మా ఆడిటర్ తిరిగి పంపేశారు, ఏ ఆధారంతో అన్నది ఉండాల్సిందేనట.

మే నెలలో భాగస్వాములందరికీ ఒక ఫారం పంపాం. యజమానులెవరు, ఎవరి వాటా ఎంత, సరుకు చివరికి ఎక్కడికి వెళ్తుంది. సాధారణంగా 25 శాతం, ఆ పైన వాటా ఉన్నవాళ్ల పేర్లు అడుగుతారు. మా లాయర్ గారు 10 శాతం దగ్గర పెట్టమన్నారు. ఓఫాక్ నిబంధన ప్రకారం ఆంక్షల్లో ఉన్నవాళ్ల వాటాలన్నీ కలిపి 50 శాతం లేదా ఆ పైన ఉంటే, ఆ కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా ఉన్నట్టే లెక్క. ముగ్గురికి తలా 20 ఉన్నా 60 అవుతుంది. 25 దగ్గర గీత గీస్తే ఆ ముగ్గురూ కనిపించరు.

జవాబులకు ఎంత సమయం పడుతుందో ముందే అనుకోండి. మంచివాళ్లు కూడా రెండు మూడు వారాలు తీసుకున్నారు. కొందరు కోపగించుకున్నారు. ఒకరు మాతో వ్యాపారమే మానుకున్నారు, కారణం చెప్పలేదు. బేరింగులు కొనేవాళ్ల దగ్గర మరీ గట్టిగా అడగాల్సి వచ్చింది. రష్యాకు చేరకూడదని అమెరికా, ఈయూ, బ్రిటన్, జపాన్ కలిసి 50 కస్టమ్స్ కోడ్‌లతో ఒక జాబితా పెట్టుకున్నాయి, బాల్ బేరింగుల కోడ్ 8482.10 అందులో ఉంది. మైక్రోచిప్‌ల పక్కన బేరింగులేమిటని నేనూ ఆశ్చర్యపోయాను. యుద్ధ ట్యాంకుకైనా, ఫ్యాక్టరీ యంత్రానికైనా తిరిగేది ఏదున్నా బేరింగు కావాల్సిందే.

ఇక జూన్ సంగతి. ఒక డిస్ట్రిబ్యూటర్ ఉన్నాడు, మూడేళ్ల నుంచి సరుకు తీసుకుంటున్నాడు. కంపెనీ పేరు శుభ్రం, డైరెక్టర్ల పేర్లు శుభ్రం, అడ్రసు శుభ్రం. ఏప్రిల్‌లో ఒక్క హిట్టూ రాలేదు. ఫారం మాత్రం యజమానుల గడి ఖాళీగా పెట్టి పంపాడు. మళ్లీ అడిగితే ఒక హోల్డింగ్ కంపెనీకి 60 శాతం ఉందని రాశాడు. ఆ హోల్డింగ్ ఎవరిది అంటే జవాబు లేదు. విడిగా డబ్బు కట్టి కొన్న సమాచారంలో వెతికితే దొరికింది: ఒకరికి 30 శాతం, ఇంకొకరికి 25 శాతం. ఇద్దరూ ఓఫాక్ జాబితాలో ఉన్నారు. పుట్టిన తేదీలతో సహా కలిశాయి.

మీటింగులో మా అకౌంట్స్ ఆయన కాలిక్యులేటర్ తీశారు. 55లో 60 శాతం అంటే 33. "యాభై దాటలేదుగా, ఏం ఫర్వాలేదు" అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లాయర్ గారు ఫోన్లోంచి ఆపారు. అలా గుణించకూడదట. మెట్టు మెట్టుగా చూడాలి. ఇద్దరి వాటా కలిపితే హోల్డింగ్‌లో 55, కాబట్టి హోల్డింగ్ మొత్తం ఆంక్షల కిందికి వచ్చేసినట్టే. ఆంక్షల్లో ఉన్న హోల్డింగ్‌కు మన డిస్ట్రిబ్యూటర్‌లో 60, కాబట్టి డిస్ట్రిబ్యూటర్ కూడా అంతే. బ్రిటన్ నిబంధనల్లో ఇద్దరూ కలిసి నడుపుతున్నట్టు ఆధారం లేకపోతే వాటాలు అలా కలపరు, పైగా అక్కడ 50 శాతం దాటాలి. డాలర్లలో వ్యాపారం చేసే మాకు ఆ తేడా వల్ల ఒరిగింది లేదు.

ఆ వార్త తెలిసేటప్పటికి అదే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లాల్సిన కంటైనర్ పోర్టులో ఉంది. ఓడ ఎక్కడానికి రెండు రోజులు. ఫార్వర్డర్‌కు ఫోను చేసి ఆపించాం. ఉచితంగా ఉంచుకునే రోజులు అయిపోయాక రోజువారీ చార్జీ మొదలైంది, వెనక్కి తెప్పించుకోవడానికి కస్టమ్స్ కాగితాలు మళ్లీ మొదటి నుంచి. ఆ సరుకు మీద మాకు మిగలాల్సిన లాభం అందులోనే పోయింది.

అంతకంటే పెద్ద చిక్కు అడ్వాన్సు. మే నెలలోనే కొంత డబ్బు ముందుగా కట్టాడు. సరుకు పంపడం లేదు కాబట్టి వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాం, అది న్యాయం కూడా. కుదరదన్నారు లాయర్ గారు. డాలర్లు వెనక్కి పంపితే దారిలో అమెరికా బ్యాంకు దాన్ని చూసి స్తంభింపజేస్తుంది, ఆ తర్వాత పది పనిదినాల్లో ఓఫాక్‌కు రిపోర్టు చేస్తుంది. తిరిగి ఇవ్వాలన్నా ఓఫాక్ నుంచి లైసెన్సు, అంటే ప్రత్యేక అనుమతి, కావాలి. సరుకు ఇవ్వకుండా ఒకరి డబ్బు దగ్గర పెట్టుకోవడం మాకు ఇంతకుముందు ఎప్పుడూ లేదు. చాలా ఇబ్బందిగా అనిపించింది.

ఆ డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొనుగోళ్లు చూసే ఆయన నాకు విడిగా మెయిల్ రాశాడు. ఆయన ఉద్యోగి, యజమాని కాదు. పైన ఎవరున్నారో తనకు నిజంగా తెలియదని రాశాడు. నేను నమ్ముతున్నాను. హోల్డింగ్‌లో వాటాలు మార్చుకుంటే మళ్లీ సరుకు పంపుతారా అని కూడా అడిగాడు. లాయర్ గారు ఆ ప్రశ్నకు ఎటువంటి సలహా ఇవ్వొద్దన్నారు. వాటాలు నిజంగా అమ్మేశారా, బంధువుల పేరు మీదికి మార్చి చేతులు దులుపుకున్నారా అన్నది అధికారులు తరచి చూస్తారు. మనం రాసిన ఒక్క వాక్యం, ఆంక్షలను తప్పించుకోవడానికి దారి చూపించినట్టు తయారవుతుంది. నేను మర్యాదగా, చిన్నగా జవాబు రాశాను. అంత పొడిగా రాయాల్సి వచ్చినందుకు ఇప్పటికీ మనసులో ముల్లు ఉంది.

జులై మొదటి వారంలో లైసెన్సుకు దరఖాస్తు చేశాం. ఫీజు లేదు. లాయర్ గంటలకే ఖర్చంతా. ఎన్నాళ్లలో జవాబిస్తారన్న గడువు కూడా లేదు. కేసు నంబరు ఇచ్చారు.

ఈలోగా జాబితాలు కదులుతూనే ఉన్నాయి. జూన్ 30న అమెరికా సిరియా ఆంక్షల కార్యక్రమాన్ని ముగిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. సిరియా మాజీ అధ్యక్షుడు అసద్, ఆయన అనుచరుల మీద మాత్రం ఆంక్షలు అలాగే ఉన్నాయి. మేం పక్కన పెట్టిన ఒక హిట్ దాంతో దానంతటదే మాయమైంది. జులై 18న రష్యా మీద ఈయూ 18వ ఆంక్షల ప్యాకేజీ వచ్చింది, ఒకేసారి 105 ఓడలు ఈయూ జాబితాలో చేరి మొత్తం 444 అయ్యాయి. ఒకసారి చూసి ఫైలు మూస్తే కుదరదని మా మేనేజ్‌మెంట్‌కు నేను చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. ఇప్పుడు మొత్తం లిస్టు ప్రతి రాత్రీ సాఫ్ట్‌వేరే మళ్లీ చూస్తుంది. కంటైనర్ గేటు దాటే ముందు కన్‌సైనీని, ఓడను నేను విడిగా ఇంకోసారి చూస్తాను. కొత్త హిట్లు రోజుకు ఒకటో రెండో, కొన్ని రోజులు ఏమీ ఉండవు.

ఆగస్టులో ఆ కంటైనర్‌లోని సరుకును ఇంకో కొనుగోలుదారుకు ధర తగ్గించి అమ్మాం. ఆయన ఫారం నింపి, వాటాదారుల రిజిస్టర్ పంపాకే ఇన్‌వాయిస్ వేశాం. దానికి తొమ్మిది రోజులు పట్టింది, మా సేల్స్ హెడ్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అడ్వాన్సు డబ్బు విడి ఖాతాలో ఉంది. లైసెన్సు సంగతి ఇంకా తేలలేదు.